వల ఉన్న చోటు

కిందటి వారం వీరాంజనేయులిని గిలకలదిండి రేవులో పళ్ళు కొరుకుతూ నిలబెట్టి వదిలేశాం. పాపం, అతను ఇంకా కొరుకుతూనే ఉన్నాడు. ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి వారం తిరగలేదు. అవనిగడ్డ దాటాక రోడ్డన్నది మిగల్లేదు. గుడివాడ మిల్లుల నుంచి లారీల్లో వచ్చిన బియ్యం బందరులో ఆగిపోయింది. సముద్రపు ఒడ్డునున్న మూలదిబ్బలో, వీరాంజనేయులి అత్తగారు అచ్చమ్మతో సహా బతికి బయటపడ్డవాళ్ళంతా ఇసక దిబ్బ మీద కూర్చుని మంచినీళ్ళ కోసం ఎదురుచూస్తున్నారు. బావులన్నీ ఉప్పుబడ్డాయి. అలాంటప్పుడు విశాఖ నుంచి నావికాదళం ఓడ వచ్చింది. వస్తే వచ్చింది, అందులోంచి నరసింహం దిగాడు. వీరాంజనేయులి భార్య కనకదుర్గకు స్వయానా మేనమామ కొడుకు. ఒకప్పుడు ఆమెను చేసుకోవలసినవాడు. అతన్ని చూడగానే కనకదుర్గ రేవంతా వినేలా "బావా!" అని ఏడుస్తూ పరుగెత్తింది.

ఆమె ఏడ్చింది తల్లి కోసమని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. వీరాంజనేయులికి మాత్రం తెలియలేదు. ఊరు ఊరంతా పోయినవాళ్ళను తలుచుకుని కుమిలిపోతుంటే ఈ మహానుభావుడి చెవిలో ఆ ఒక్క పిలుపే గింగురుమంటోంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా కనకదుర్గ అతన్ని 'మావా' అంటుంది గాని 'బావా' అని పిలిచింది లేదు. ఆ పిలుపు ఇంకొకరికి ఎప్పుడో ఇచ్చేసి, మిగిలింది తనకు పెట్టిందని అతని బాధ.

మర్నాడు పొద్దున్నే నరసింహం నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"అన్నా, మూలదిబ్బ దగ్గర ఓడ ఒడ్డెక్కించాలి. ముందు నీళ్ళ లోతు, అడుగు నేల చూసి రావాలంటున్నారు మా లెఫ్టినెంటు గారు. కొట్టుకొచ్చిన చెట్ల మధ్య మా చిన్న పడవలు తిరగలేవు. నీ బోటే కావాలి. ఆ నీళ్ళు నీకన్నా తెలిసినోళ్ళు ఎవరున్నారు?"

మంచి మాటే. అయినా అందులో ఎగతాళి ఎక్కడుందా అని వీరాంజనేయులు బోటు కట్టు విప్పేంతసేపూ వెతుక్కున్నాడు. దొరకలేదు గాని, ఉండే ఉంటుందని తీర్మానించుకున్నాడు.

కనకదుర్గ బట్టల మూట చంకన పెట్టుకుని తనూ వస్తానంది. ఆడమనిషి చేపల బోటెక్కడం పాలెంలో ఆచారం కాదు. ఉప్పెన తర్వాత ఆచారాల గురించి అడిగేవాళ్ళు లేరు. 'అమ్మను చూడాలి' అని ఆమె అన్నది నిజం. కానీ ఇన్నేళ్ళలో తను రమ్మంటే ఒక్కసారీ ఎక్కని బోటు ఇవాళ వాడొచ్చాడని ఎక్కిందే అని అతను చుక్కాని పట్టుకుని లోపల్లోపల ఉడికిపోయాడు. నిజానికి అతను ఎప్పుడూ రమ్మనలేదు. అది అతనికి గుర్తు లేదు.

ఇంజను దగ్గర నాగుల్ మీరా కూర్చున్నాడు. బందరువాడు. ఇంజను దగ్గితే చాలు జబ్బేమిటో చెప్పగల మనిషి, బోటు నడిపే సరంగు దగ్గినా అంతే. ఒకసారి వీరాంజనేయులి మొహం చూసి మోటారు తిప్పాడు.

ఓడ దూరంగా నిలబడి ఉంది. బూడిదరంగుది, ఎత్తుగా, మొద్దుగా. అందంగా ఉందని చెప్పలేం. కనకదుర్గ దానికేసి చూసి అడిగింది.

"అంత ఓడ ఒడ్డుకెట్టా వస్తది బావా? మన బోటే తగులుకుంటది గదా!"

"దీని అడుగు చదునుగా ఉంటది దుర్గా. ముక్కు రెండు తలుపుల్లాగా తెరుచుకుంటది. ముక్కు ఇసక మీదకెక్కించి, తలుపులు తీసి, పలక దించామంటే లోపలున్న నీళ్ళ ట్యాంకర్లూ బుల్‌డోజరూ వాటంతటవే ఒడ్డుకు దిగుతయ్. యుద్ధంలో రేవు లేని చోట ట్యాంకులూ సైన్యమూ దింపడానికి కట్టిన ఓడ ఇది. ఇక్కడా ఇప్పుడు రేవు లేదు, రోడ్డు లేదు. అందుకే పంపారు."

"మళ్ళీ వెనక్కెట్టా పోతది?"

"ఒడ్డుకు రాకముందే వెనకాల లంగరు వదులుకుంటూ వస్తాం. పనయ్యాక ఆ తాడు చుట్టుకుంటూ, ఇంజన్లు వెనక్కి తిప్పుకుంటూ జారిపోతాం. పోటు నిండకముందే ఒడ్డెక్కాలి. నిండాక ఎక్కితే నీళ్ళు తీసేస్తయ్, పక్షం రోజులు అక్కడే కూర్చోవాలి."

కనకదుర్గ కళ్ళు ఇంతలేసి చేసుకుని వింటోంది. మొగుడు ఏ చేప ఎక్కడ పడిందో చెబుతుంటే ఆవలించే మనిషి!

"మేం బోటు నేల తగలకూడదని మొక్కుకుంటాం. మీరు పనిగట్టుకుని తగిలిస్తారన్నమాట. బాగుందయ్యా మీ నావికాదళం!" అన్నాడు వీరాంజనేయులు.

నరసింహంతోపాటు బోటెక్కిన లెఫ్టినెంటు గారికి తెలుగు రాదు. ఏమన్నాడని అడిగాడు. నరసింహం హిందీలో గడగడా చెప్పాడు. ఆయన పగలబడి నవ్వి వీరాంజనేయులి వైపు చెయ్యి ఊపాడు. ఆ మాట నచ్చి నవ్వాడు పాపం ఆయన. వీరాంజనేయులికి ఒళ్ళు మండిపోయింది. తన మాటను వాడు ఎలా వంకరచేసి చెప్పాడో ఏమో, పెళ్ళాం ముందు తనను పరాయి భాషలో నవ్వులపాలు చేశాడని నమ్మేశాడు.

మూలదిబ్బ ముందుకు వచ్చాక మోటారు తగ్గించారు. లెఫ్టినెంటు గారు తనే సీసపు గుండు కట్టిన తాడు వేసి లోతు చూశాడు. గుండు అడుగున రాసిన గ్రీజుకు మొదట ఒండ్రు అంటుకొచ్చింది. ఇంకాస్త జరిగితే మళ్ళీ ఒండ్రే. తూర్పున ఏటి మొగ బురద, పడమట కూలి పడిన సరుగుడు చెట్లు. అప్పుడు నరసింహం ఒడ్డుకేసి కాసేపు చూసి, "అలివి వల లాగే చోటు ఇక్కడే కదూ?" అన్నాడు. తాడు వేశారు. గ్రీజుకు గట్టి ఇసక, పలుకులు పలుకులుగా అంటుకుంది. ఒడ్డున నిలబడి జనం లాగే అలివి వల బురదలో రాదు. కనుక అది లాగే చోట నేల గట్టిగా, శుభ్రంగా ఉంటుందని మూలదిబ్బలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. లెఫ్టినెంటు గారు నరసింహం భుజం తట్టాడు. కనకదుర్గ మొహం విప్పారింది.

నాగుల్ మీరా మాత్రం తల తిప్పి సరంగు కేసి చూశాడు. ఎందుకంటే అక్కడ వల ఉంది.

ఉప్పెనకు ముందు రోజు వీళ్ళిద్దరూ ఇదే చోట వల వేసి ఉన్నారు. గాలి తిరగబడేసరికి లాగే వ్యవధి లేక, తాళ్ళు కోసేసి బోటు ఏట్లోకి మళ్ళించి ప్రాణాలు దక్కించుకున్నారు. చిన్నా చితకా వల కాదది. లావుపాటి నైలాను తాళ్ళు, సీసపు గుళ్ళు, రాతి లంగర్లతో బారలకు బారలు పొడవున సముద్రం అడుగున పడుకుని ఉంది. కనకదుర్గా అచ్చమ్మా ఎదురెదురుగా కూర్చుని రెండు ఎండాకాలాలు అల్లిన వల. అది కొట్టుకుపోయిందనే అతను ఇంట్లో చెప్పాడు. కోసి వదిలిన వల చోటు సరంగు ఎవరికీ చెప్పడు. చెబితే ఇంకొకడు ముందు వెళ్ళి కొక్కెం వేసి లాగుతాడు, పైకి లాగినవాడిదే వల. కట్టుకున్నదానికీ చెప్పకూడదు. సరంగు నోరు విప్పనిదే బోటులో ఉన్నవాళ్ళు విప్పకూడదు. ఇది పాలెం కట్టుబాటు.

ఓడ వెనక తిరిగే పంఖాకు ఆ తాళ్ళు చుట్టుకుంటే ఏమవుతుందో వీరాంజనేయులికి తెలుసు. పంఖా ఆగిపోతుంది. ఓడ కెరటానికి అడ్డం తిరుగుతుంది. ఇక నీళ్ళూ రావు, బియ్యమూ రాదు. చెప్పడానికి ఒక్క మాట చాలు. కట్టుబాటును మించిన కష్టం వచ్చినప్పుడు చెప్పినా ఎవరూ తప్పు పట్టరు.

'ఉప్పెనకు రాళ్ళే దొర్లుకుపోయాయి, వల ఉంటుందా ఏమిటి?' అనుకున్నాడు. అది పైకి చెప్పుకున్న సాకు. దాని కింద ఇంకొకటి ఉంది. తగులుకోనీ. అంత గొప్ప ఓడా, అంత గొప్ప బావా, పెళ్ళాం కళ్ళముందే బురదలో ఎద్దులా చతికిలబడనీ. అప్పుడు చూద్దాం ఎవరి కళ్ళు ఎంత పెద్దవవుతాయో. ఇలా అనుకున్నాడు, సాక్షాత్తూ తన అత్త గొంతు తడారి కూర్చున్న దిబ్బ కళ్ళెదుట కనబడుతుండగా అనుకున్నాడు. అసూయ పట్టిన మనిషికి సిగ్గు ఆలస్యంగా వస్తుంది.

"సరంగూ..." అన్నాడు నాగుల్ మీరా నెమ్మదిగా.

"మోటారు చూసుకో" అన్నాడు వీరాంజనేయులు.

లెఫ్టినెంటు గారిని ఓడ మీద దించారు. దారి చూపే గుర్తులు పాతడానికి నరసింహం చేతిజెండాలు పట్టుకుని వీళ్ళతోపాటు ఒడ్డుకు వచ్చాడు. దిబ్బ మీద జనం లేచి నిలబడ్డారు. అచ్చమ్మ తూలుకుంటూ వచ్చి కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. తర్వాత మేనల్లుడి మెడ కావలించుకుని "ఒరే నరసింహా, ఇన్నాళ్ళకి వచ్చావా నాయనా" అంది. చివరికి అల్లుడి కేసి తిరిగి, కొంగు సర్దుకుని, "బోటు బాగుందా అయ్యా? నువ్వు క్షేమమేనా?" అని దూరం నుంచే అడిగింది. అత్త అల్లుడి మెడ పట్టుకోదు, అది మర్యాద. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా గుచ్చుకుంది.

నరసింహం రెండు వెదురుగడలు తెచ్చాడు. ఒకటి నీటి అంచున, ఇంకొకటి దాని వెనక ఎత్తు మీద పాతాలి. ఓడ మీది నుంచి చూస్తే రెండూ ఒక్కటిగా కనబడాలి. అలా కనబడినంతసేపూ ఓడ సరైన దారిలో ఉన్నట్టు. గడలకు కట్టడానికి దూరానికి తెలిసే గుడ్డ కావాలన్నాడు. కనకదుర్గ మూట విప్పింది. తల్లి కోసం తెచ్చిన బట్టల్లోంచి ఎర్ర చీర ఒకటి లాగి, మధ్యకు పర్రున చింపింది. కిందటి వేసవిలో పెడన వెళ్ళి వీరాంజనేయులు ఏరి ఏరి కొన్న అద్దకం చీర అది.

"అది నేను కొన్న చీర" అన్నాడు.

"తెలుసు మావా. ఎర్రగా ఉందని..."

"ఎర్రగా ఉండాలి మరి! ఎవరికి కనబడాలో వాళ్ళకి కనబడొద్దూ!"

కనకదుర్గ చేతులు ఆగిపోయాయి. నరసింహం గడ కింద పెట్టాడు.

"ఏంటన్నా అది?"

"నన్ను అన్నా అనమాకు! నువ్వు వద్దని కాలదన్ని పోయినదాన్ని నేను తెచ్చుకున్నా. ఇన్నేళ్ళూ పాలెంలో ప్రతోడూ నా వెనక నవ్వుతానే ఉన్నాడు. నవ్వితే నవ్వారులే అని నోరు మూసుకున్నా. ఇప్పుడు తెల్ల యూనిఫారమేసుకుని, ఓడేసుకుని, మళ్ళీ నా ఇంట్లోకి రావాలా నువ్వు? బావంటే దీనికి ఒళ్ళు తెలవదు. చూస్తానే ఉన్నాగా పొద్దున్నించీ!"

దిబ్బ మీద నలుగురూ విన్నారు. అచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నరసింహానికి కోపం రాలేదు. తెల్లబోయాడు.

"నేను వద్దన్నానా? దుర్గా, ఇన్నాళ్ళూ అన్నకి నువ్వు చెప్పలేదా?"

"ఏంటి చెప్పేది?" అన్నాడు వీరాంజనేయులు.

కనకదుర్గ చీర ముక్కలు రెండూ అతని ముందు ఇసకలో పడేసింది. ఆమె గొంతు పెద్దది కాలేదు.

"బావ వద్దనలా. నేనే వద్దన్నా. సెలవకి వచ్చినప్పుడు అడిగాడు, విశాఖపట్నం తీసుకెళ్తానన్నాడు. ఏడాదికోసారి వచ్చే మనిషి కోసం గుమ్మంలో కూర్చోవటం నావల్ల కాదన్నా. సాయంత్రానికి ఇంటికొచ్చే మనిషి కావాలన్నా. మేనమామ కొడుకుని ఆడపిల్ల కాదందంటే మామయ్య తలెత్తుకోలేడని, మావాడే వద్దన్నాడని ఆయన ఊళ్ళో చెప్పుకున్నాడు. పోనీలే, పెద్దాయన పరువు నిలబడితే చాలని బావా నేనూ నోరెత్తలా."

"మరి నన్ను..."

"నువ్వప్పుడు అలివి వల లాగటానికి మా ఊరొచ్చేవాడివి. తాళ్ళు లాగుతా పాటలు పాడేవాడివి, ఒక్క పాటకీ తాళం కుదిరేది కాదు. ఈయన్నయితే చేసుకుంటానని అమ్మకి నేనే చెప్పా. అడుగు, ఇక్కడే ఉందిగా!"

అచ్చమ్మ తల ఊపింది.

"ఇన్నేళ్ళు నాకు చెప్పకుండా..."

"నువ్వడిగావా? ఒక్క రోజన్నా నోరు తెరిచి అడిగావా మావా? నీకు నువ్వే ఏదో కల్పించుకుని, దానికి నువ్వే కుళ్ళుకుంటుంటే నాకెట్టా తెలుస్తది?"

వీరాంజనేయులికి కాళ్ళ కింద ఇసక కదిలినట్టయింది. తను ఎవరో వదిలేసిన దాన్ని తెచ్చుకున్నవాడు కాడు. ఈమె ఊరందరిలోనూ ఏరుకున్న మనిషి తను. ఇన్నేళ్ళు మోసిన బరువు ఒక్క మాటతో దిగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అంతలో సముద్రం మీది నుంచి ఓడ కూత వినబడింది.

"బయల్దేరింది" అన్నాడు నరసింహం. చీర ముక్కలు ఏరుకుని, గడలకు కట్టి, పరుగు పరుగున రెండూ పాతాడు. ఎత్తు మీది గుర్తూ నీటి అంచు గుర్తూ వరసలోకి వచ్చాయి. దూరాన ఓడ ముక్కు వాటికేసి తిరిగి నిలకడ పడింది. దిబ్బ మీద పిల్లలు కేకలు పెట్టారు. వీరాంజనేయులు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు చెబితే ఆమెకు తెలిసిపోతుంది. వల అక్కడ ఉందని కాదు, పొద్దున్నుంచీ తెలిసీ ఊరుకున్నాడని. కాసేపటి క్రితం వరకూ పోగొట్టుకోవడానికి తన దగ్గర ఏమీ లేదనుకున్నాడు. ఇప్పుడు ఉంది. ఆమె తనను కోరి చేసుకుందని తెలిసిన క్షణానే, తను ఎలాంటివాడో ఆమెకు చెప్పుకోవాలి.

నాగుల్ మీరా బోటు దగ్గరి నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనూ ఓడకేసే చూస్తున్నాడు.

"చెప్తావా సరంగూ? నన్ను చెప్పమంటావా? కట్టుబాటు తప్పాననే పాపం నేనే మోస్తాలే."

వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. నరసింహం దగ్గరికి నడిచాడు.

"నరసింహం, ఓడ వచ్చే దారిలో నా వల ఉంది. తాళ్ళతో, లంగర్లతో. ఉప్పెన ముందు కోసి వదిలేశా."

నరసింహం జెండాలు పట్టుకున్న చేతులు కిందికి వాలాయి. కనకదుర్గ ఒక్క అడుగు ముందుకు వేసింది.

"వల కొట్టుకుపోయిందన్నావుగా?"

అతను చూపు ఓడ మీదికి తిప్పాడు.

"పొద్దున బోటులో, లోతు చూసేటప్పుడు, తెలుసా నీకు?"

"తెలుసు" అన్నాడు.

ఆమె తిట్టలేదు. దిబ్బ మీద తల్లికేసి, ఆ తల్లి పక్కన ఖాళీ బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకేసి చూసింది. తర్వాత మొగుడి కేసి చూసిన చూపులో కోపం కూడా లేదు. అది ఉన్నా బాగుండేది.

"ఆగమని జెండా ఊపు" అన్నాడు వీరాంజనేయులు నరసింహంతో.

"ఇంత లోపలికొచ్చాక ఆగితే, చదునడుగు ఓడ కదన్నా, కెరటం పక్కకి తోసేస్తది. ఆగమనకూడదు, దారి మార్చాలి." నరసింహం అప్పటికే నీటి అంచు గడ ఊడబెరికాడు. "గట్టి ఇసక ఉన్నంత మేరా జరుపుదాం. తూర్పుకా, పడమరకా? నీ వల ఎటు పక్కనుంది? తొందరగా చెప్పు!"

వీరాంజనేయులు ఒడ్డుకేసి తిరిగాడు. ప్రతి సరంగులాగే అతనూ వల చోటు ఒడ్డు మీది గుర్తులతోనే పెట్టుకున్నాడు. రెండు తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఒక్క చెట్టుగా కనబడే వరసలో వల వేశాడు. ఆ చెట్ల కోసం కళ్ళు చించుకుని చూశాడు. ఒడ్డంతా బోడిగా ఉంది. ఉప్పెన ఒక్క తాటిచెట్టును కూడా నిలబెట్టలేదు. పొద్దున వల ఇక్కడే ఉందని మనసు అంత గట్టిగా చెప్పింది కదా! ఓడ తగులుకోవాలని కోరుకున్నప్పుడు ఆ 'ఇక్కడే' చాలింది. ఇప్పుడు చాలడం లేదు.

"నాకు తెలవదు" అన్నాడు.

"అన్నా!"

"నా మీద ఒట్టు, తెలవదు. నా తాటిచెట్లు లేవు. గుర్తుల్లేవు..."

"ఇంకా తీరలేదా నీ కుళ్ళు?" అంది కనకదుర్గ.

అతను ఏమని చెబుతాడు? పొద్దున్నుంచీ తెలిసి చెప్పనివాడు ఇప్పుడు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఆమె నరసింహం చేతిలోంచి గడ లాక్కుంది. తెచ్చి మొగుడి చేతుల్లో పెట్టి, అతని వేళ్ళు దాని చుట్టూ మూసింది.

"నువ్వే పాతు. నువ్వెక్కడ పాతితే దాని వెనకే బావ రెండోది పాతుతాడు. మా అమ్మ అక్కడ నిలబడింది, చూసి మరీ పాతు."

నరసింహం ఎత్తు మీదికి పరుగెత్తి రెండో గడ ఊడబెరికి, ఎటు వెళ్ళమంటావన్నట్టు నిలబడ్డాడు. ఓడ మీద మనుషులు కనబడుతున్నారు. ముక్కు కింద నీళ్ళు తెల్లగా చీలుతున్నాయి. దిబ్బ మీద కేకలు ఆగిపోయాయి.

వీరాంజనేయులు గడ నిలువుగా ఎత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. ఒకసారి తూర్పుకు చూశాడు. ఒకసారి పడమరకు చూశాడు. రెండువైపులా నీళ్ళు ఒకేలా ఉన్నాయి. పడమటి వైపు నడవడం మొదలుపెట్టాడు. ఎత్తు మీద నరసింహం అతనితో సమంగా నడిచాడు. సముద్రంలో ఓడ ముక్కు కూడా, నెమ్మదిగా, అతని వెంటే పడమరకు తిరిగింది.